అల్లుడు పెట్టిపోయిన తెల్ల గిన్నె

పొద్దున్నే ఫోను మోగింది. చూస్తే పక్కింటి అల్లుడి నెంబరు. ఎత్తీ ఎత్తగానే, "ఏమల్లుడా, ఈరోజన్నా నీ వాన వస్తాదా, లీవు పెట్టిందా?" అన్నా. అవతల ఆయన కూతురు, "తాతా, నాయన పోయినాడు" అనింది.

గుండె జబ్బుతో నెలల తరబడి పడతా ఉన్నాడు, తెలుసు. అయినా నాకంటే చిన్నోడు. ఏ వరసలోనూ ముందుకు దూరే మనిషి కాదు.

మన తెలుగోళ్ళ సంఘం పుస్తకానికి ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చదివింది ఐదో క్లాసు, అదీ అరవంలో. నేను చెబుతుంటే మనవరాలు రాస్తా ఉంది. తప్పులుంటే ఆమెవి.

ఆయన కోయంబత్తూరు కాలేజీలో టీచరు. మా ఊరికి, అదే పొల్లాచ్చి పక్కన, అల్లుడైనాడు. తన కూతురికి పెళ్ళయినాక గూడా ఊరంతా అల్లుడనే పిలిచింది. ముందొక ఏడాది పండక్కొచ్చినప్పుడు వంక పొంగింది. పల్లంలో టెంకాయ పీచు పనోళ్ళ గుడిసెలు కొట్టుకపోయినాయి. అప్పుడు చూసింది ఆయన మరిచిపోలా.

కొన్నేళ్ళకు మా ఇంటికొచ్చి, "మామా, మీ మిద్దె మీద ఒక గిన్నె పెట్టుకోనియ్యి" అన్నాడు.

"మీ అత్తగారింట్లో చోటు లేదా? నిన్ను పెట్టుకునేదే కష్టంగా ఉందా?"

"పోదుం మామా," అని నవ్వినాడు. మేమెంత ఏడిపించినా ఆ అరవం మాటే అనేవాడు, ఇంక చాలని. "అక్కడ చెట్లు అడ్డం. దీనికి ఆకాశమంతా కనబడాల."

బోర్లించిన తెల్ల గిన్నె మాదిరి ఉండె. ఫోనులో దారి చూపిస్తారే, ఆ శాటిలైట్ల సిగ్నలు పట్టుకుంటాదంట. దారికీ వానకూ ఏం పొత్తని అడిగినా.

"తడి పంచెతో నడిస్తే కాళ్ళకు చుట్టుకోని లేటయితాదా లేదా? సిగ్నలు గూడా అంతే మామా. గాలిలో చెమ్మ ఎక్కువైతే రవ్వంత లేటుగా వస్తాది. ఆ లేటును బట్టి మన నెత్తిన ఎంత నీళ్ళున్నాయో తెలుస్తాది. ఇదొక్కటే చాలదు. చుట్టుపక్కల గిన్నెలన్నీ చెప్పింది కలిపి కంప్యూటరు లెక్క కడతాది."

ఆ మాటను నేను ఊరకే పోనిస్తానా? బస్సు లేటై ఆయన దిగినప్పుడల్లా, "చెమ్మెక్కువుందా అల్లుడా?" అనేవాణ్ణి.

ఒక ఐప్పసి నెలలో, అదే దీపావళి నెలలో, వానలు మొదలైనాక, గిన్నె ఉన్నట్టుండి మూగదైపోయిందంట. సెలవు పెట్టుకోని వచ్చినాడు. మెట్లమీద సగంలో కూర్చోని, రొమ్ము పట్టుకోని, మళ్ళీ ఎక్కినాడు. పైన చూస్తే గిన్నె మీద మా నీళ్ళు కాచుకునే పెద్ద అల్యూమినియం అండా బోర్లించుంది. గాలికి పోకుండా దాని మీదొక రాయి.

"నేనే పెట్టినా," అనింది మా ఆమె. "పాపం, నిన్నట్నుంచి నానుతా ఉండె. నీ వస్తువు గదా అని కప్పినా అల్లుడా."

తిట్టినా తిడతాడని నేను వేడుక చూస్తా నిలబడినా. ఆయన నవ్వి నవ్వి అండా పక్కన చతికిలబడినాడు. "తడవనీయి అత్తా. అది తడిస్తే పల్లంలోవాళ్ళు తడవరు," అని తానే తీసి పక్కన పెట్టినాడు.

మధ్యాహ్నానికి మా అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకోని టీ తాగతా ఉన్నవాడు గ్లాసు దించేసినాడు. "చెమ్మ ఎక్కతానే ఉంది మామా. పక్కూళ్ళ గిన్నెలూ అదే చెబుతున్నాయి. సాయంత్రానికి గట్టిగా కొట్టేటట్టుంది. పల్లంలోవాళ్ళను అక్కణ్ణించి లేపుదాం."

బయట ఎండ కాస్తా ఉంది. "పోయినసారి గూడా ఇట్లే అన్నావు. కళ్ళంలో ఆరేసిన కొబ్బరంతా లోపలేసుకుంటే చినుకు పడలా. మళ్ళీ నవ్వులపాలయితావు."

"వట్టిదైతే రేపు తిట్టమను మామా. తిట్టేదానికి మనుషులుండాల గదా."

నేను తువ్వాలు భుజానేసుకోని లేచినా. ఇద్దరం పోయినాం. ఆయన గుడిసె గుడిసెకూ బతిమాలినాడు, నేను గదిమినా. పిల్లాజెల్లతో అందరినీ మా కొబ్బరి గోడౌనుకు తెచ్చేసరికి పడమటి కొండ కనబడకుండా పోయింది. ఆపైన కొట్టింది వాన. మర్నాడు పల్లంలో గుడిసెల్లేవు, ఎర్ర నీళ్ళు. మనుషులు మాత్రం మా వాకిట్లో గంజి కాచుకుంటా ఉండారు. ఒక ముసలామె తన కోడిని వదిలి రమ్మన్నాడని ఆయన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. చేతులు కట్టుకోని అంతా విన్నాడు. అంత సంతోషంగా తిట్లు తిన్న మనిషిని నేను మళ్ళీ చూడలా.

పోయినాక ఆయన్ను కోయంబత్తూరు నుంచి తెచ్చే బండి లేటయింది. అత్తగారింటి వాకిట్లో అందరం కాచుకోనుండాం. అలవాటుగా నా నోట్లోనుంచి, "చెమ్మెక్కువుందేమో" అని వచ్చేసింది. నాలుక కరుచుకున్నా. వాళ్ళత్త ఏడుస్తా ఏడుస్తానే నవ్వింది. నా చెయ్యి పట్టుకోని, "ఇంకోసారి అను అన్నా" అనింది. ఇంకోసారి అన్నా.

కర్మాలయిన సాయంత్రం వాన పట్టింది. మా ఆమె అండా చంకన పెట్టుకోని మిద్దెక్కింది. మళ్ళీ కప్పేస్తాదని ఎనకనే పోయినా. కప్పనేలేదు. అండా తన నెత్తిన బోర్లించుకోని, తడిసే గిన్నె పక్కన కావలి మాదిరి నిలబడుంది.

"రా," అనింది. నేనూ పోయి అండా కిందికి దూరినా.