పిండికట్టు మీద పసరు

మా ఆయన టైల్స్ మేస్త్రీ. కుడిచేత్తో తాపీ పట్టుకుంటేనే ఈ పరాయిచోట మా ఇద్దరికీ కూడు. మహానుభావుడు ఆ చెయ్యే విరగ్గొట్టుకున్నాడు, టైల్స్ పెట్టె మోస్తూ మెట్ల మీద జారి.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, వేళ్ల మొదళ్ల నుంచి మోచేతి దాకా పిండికట్టు వేశారు. డాక్టరు చాలాసేపే చెప్పాడు, పాపం. ఆ భాషలో మాకు ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. ఇద్దరం బుద్ధిగా తలలూపి వచ్చేశాం.

మేముండే వరసగదుల్లో అందరూ మావాళ్లే. చివరి గదిలో ఎముకలకు కట్లు కట్టే పెద్దాయన ఉన్నాడు. ఎలా పడ్డావు, ఏ వేలు లాగుతోంది, నిద్ర పడుతోందా అని మన మాటల్లో అడిగేసరికి మా ఆయన కరిగిపోయాడు. పిండికట్టు తీసేసి పసరు కట్టు కడతానన్నాడు పెద్దాయన. తీసేస్తే డాక్టరుకు కోపం, పసరు వద్దంటే పెద్దాయనకు చిన్నతనం. నేనే తెలివి ఎక్కువై, కట్టు మీదే పసరు పట్టించమన్నాను. ఆయన నవ్వుతూనే పట్టించి, పైన గుడ్డ బిగించాడు. ఇద్దరి మాటా విన్నట్టయిందని మురిసిపోయాను, నా తెలివి తగలెయ్య.

ఐదోరోజు పొద్దున్నే వేళ్లు ఉబ్బి నల్లబడ్డాయి. తిమ్మిరిగా ఉందన్నాడు. మందు పనిచేస్తోందని పక్కగది వదిన, కట్టు కోసెయ్యమని ఆవిడ తమ్ముడు. ఎవరి మాట వినాలో పాలుపోక పొద్దంతా అటూ ఇటూ తిరిగాను. సాయంత్రం పెద్దాయన వచ్చి గోరు నొక్కి చూశాడు. ఆయన మొహం పాలిపోయింది.

"రక్తం ఆడట్లేదమ్మా. ఇది నా చేతిలో పని కాదు. బండి పిలువు."

ఆసుపత్రికి ఆయనా వెంట వచ్చాడు. కట్టు కోసేశాక డాక్టరు పచ్చటి మరక చూపించి ఏదో అడిగాడు. పెద్దాయన తన వైపు వేలు చూపించుకున్నాడు. నేను నా వైపు చూపించుకున్నాను. తప్పు గుడ్డదో, పిండికట్టుదో, మా తలలూపుడుదో నాకు ఇప్పటికీ తెలియదు. వాపు వస్తే వెంటనే రమ్మని డాక్టరు మొదటిరోజే చెప్పాడేమో కూడా.

డాక్టరు నా చూపుడువేలు పట్టుకుని మా ఆయన అరచేతిలో పెట్టి, నొక్కమని సైగ చేశాడు. మా ఆయన పళ్లు బిగించాడు. నుదుట చెమట పట్టింది.

"గట్టిగా పట్టుకున్నాను చూడవే," అన్నాడు.

నా వేలికి ఏమీ తెలియలేదు.

"నొప్పెడుతోందండీ, వదలండి," అన్నాను.