పాస్టరుగారి పాప ఈత

పోచంపాడ్ జలాశయం నడుమ చిన్న దీవిలో ఉండే బాప్టిస్టు పాస్టరుగారి ఇంటికి ఆయన పడవలోనే వెళ్తున్నాను. ఒడ్డు దగ్గరపడగానే ఆయన తన నాలుగేళ్ల కూతుర్ని ఎత్తి నీళ్లలో వదిలేశాడు. పిల్ల మునిగింది. నేను కెవ్వుమని దూకబోతే చెయ్యి పట్టుకుని, "ఆగక్కా, సూడు" అన్నాడు. ఆయన పెదాలు ప్రార్థనతో కదులుతున్నాయి, చూపు మాత్రం నీళ్ల మీంచి కదల్లేదు. పిల్ల పైకి తేలి, కాళ్లు కొట్టుకుంటూ ఒడ్డుకు చేరింది.

అక్కడున్న తల్లి దాని తల తుడుస్తుంటే నాకు కోపం ఆగలేదు. "పసిపిల్లను ఇలా పడేస్తారా?" అన్నాను.

"బడికి పోవాల్నన్నా, దుకాణానికి పోవాల్నన్నా గీ నీళ్లు దాటాలె గదక్కా," అందామె. "మా పెద్దబిడ్డకు ఈత నేర్పలే. గీ నీళ్లల్లనే మునిగి పాయె."

చిన్నది అప్పటికే మళ్లీ పడవ ఎక్కుతోంది. "బాపూ, ఇంకోపారి!"