కొలపాత్రలో బొటనవేలి నొక్కు

గువాన్ షు ఏనాడూ యుద్ధం చూడలేదు. అయినా ఏ రాజ్యం ఎప్పుడు కూలిందో తన దగ్గర అమ్ముడుపోయిన కుండల్ని బట్టి చెప్పేవాడు. లిన్‌జి పట్నం కుమ్మరివాడలో పుట్టి, తండ్రి సారె పక్కనే పాకడం నేర్చి, ఆ సారె దగ్గరే జుట్టు నెరిసిన మనిషి. పడమటి కొండల అవతల చిన్ రాజు ఒక్కో దేశాన్నీ మింగుకుంటూ వస్తుంటే, ఇక్కడ షు వాకిట్లో బేరాలు మారుతూ వచ్చాయి. హాన్ దేశం పోయిన ఏడు మావాళ్ళకు చీమ కుట్టినట్టయినా లేదు. ఝావ్ దేశం పోయాక మూటాముల్లెతో వచ్చిపడ్డ జనం చిన్న వంటకుండల కోసం ఎగబడ్డారు. వెయ్ రాజధాని మీదికి నదిని మళ్ళించి ముంచేశారని తెలిసిన ఏడు ఊళ్ళో వాళ్ళందరూ ధాన్యం దాచుకోవడానికి పెద్ద బానలు చేయించుకున్నారు. చూ, యెన్ దేశాలు కూడా పడిపోయాక ఒక్క మూకుడు కూడా కదల్లేదు. ఇక మిగిలింది మన తూర్పు దేశమే అని అందరికీ తెలిసిపోయింది, కొత్త కుండ ఎవడిక్కావాలి?

తీరా చిన్ సేన రానే వచ్చింది. మా రాజు యుద్ధం లేకుండానే లొంగిపోయాడు. సిగ్గుపడాలో సంతోషపడాలో తెలియక జనం రెండు రోజులు తలుపులు బిగించుకుని కూర్చున్నారు. మూడోరోజు ఎవరింటి కప్పూ తగలబడలేదని తేల్చుకుని, పొయ్యిలు వెలిగించి, కొర్ర గంజి కాచుకుని తాగారు.

సైనికులు వెళ్ళిపోయారు, గుమాస్తాలు దిగారు. నన్నడిగితే వీళ్ళకంటే వాళ్ళే నయం. కత్తి పట్టినవాడికి ఆకలి తీరితే చాలు, కలం పట్టినవాడికి ఎంత రాసినా తీరదు. బండి ఇరుసు ఇంతే ఉండాలన్నారు, అక్షరం ఇలాగే రాయాలన్నారు. ఐదేసి ఇళ్ళను ఒక కట్టగా కట్టి, ఒకడు తప్పు చేసి పారిపోతే మిగతా నాలుగిళ్ళకూ శిక్షేనన్నారు. షు తమ్ముడు రోడ్డుపనికి మూడు రోజులు ఆలస్యంగా వెళ్ళాడని ఉత్తరాన గోడ కట్టే చోటికి తోలేశారు. రెండేళ్ళయింది, ఉన్నాడో పోయాడో కూడా తెలియదు.

అలాంటి రోజుల్లో షుకి ఆజ్ఞ వచ్చింది. ధాన్యం కొలవడానికి అరవై మట్టి కొలపాత్రలు చేయాలి. లోకమంతా ఒకటైంది కాబట్టి కొలతలన్నీ ఒకటి కావాలని ఇప్పుడు చక్రవర్తి అయిన చిన్ రాజు పలికిన నలభై అక్షరాలూ పాత్ర గోడ మీద అచ్చు పడాలి, అడుగున చేసినవాడి పేరు ఉండాలి. కొలత తప్పితే ఆ పేరుగలవాడు గోడపనికి పోవాలి. మచ్చుకని ఒక కంచు పాత్రను ఒక్క పూట ఇచ్చి, మళ్ళీ పట్టుకుపోయారు. షు ఆ పూటలోనే దాని లోతూ వెడల్పూ చూసి, మట్టి ఎండితే ఎంత కుంచించుకుపోతుందో లెక్కవేసి, వెదురుపుల్ల మీద గాట్లు పెట్టుకున్నాడు.

అచ్చులు వేసే పని అతని భార్య జింగ్‌ది. ఒక్కో దిమ్మ మీద నాలుగక్షరాలు, అలాంటివి పది దిమ్మలు. అక్షరం లోతుగా పడకపోతే ఊరుకోమని గుమాస్తా బెదిరించి వెళ్ళాడు. అందుకని ఆవిడ పచ్చిపాత్ర మీద దిమ్మ పెట్టి చెక్కసుత్తితో ఠపీమని కొట్టేది.

"పాత్రనా, పామునా నువ్వు కొట్టేది? గోడ లోపలికి పోతోందే!" అని షు అరిచేవాడు.

"అక్షరం తేలిపోతే వాళ్ళు కొట్టేది నిన్ను. నోర్మూసుకుని సారె తిప్పు" అనేది జింగ్.

అరవై పాత్రలూ కాల్చి కచేరీకి పంపేశారు. మర్నాడు మధ్యాహ్నం తనిఖీ. ఆ ఉదయం షు పక్కింటి లూ కోసం గంజికుండ ఒకటి చేస్తున్నాడు. లూ ఉప్పుచేపలు అమ్ముకునేవాడు, ఊరి కబుర్లన్నీ అతని గంపలోనే ఉంటాయి. కుండ పూర్తయ్యాక షు బొటనవేలు దానంతటదే లోపలికి దిగి, అడుగున ఒక్క నొక్కు నొక్కి పైకి వచ్చింది.

షు సారె ఆపి ఆ వేలివంక చూశాడు.

మా లిన్‌జి కుమ్మరులకు అది తాతల నాటి అలవాటు. కొన్నవాడికి ఒక గుక్కెడు ఎక్కువే పట్టాలని అడుగున బొటనవేలితో నొక్కుతారు. ఎవరూ తలుచుకుని చేయరు, ఊపిరి పీల్చినట్టు జరిగిపోతుంది. నలభై ఏళ్ళుగా ఏ కుండనూ నొక్కకుండా వదలని వేలు, ఆ అరవైంటిని మాత్రం వదిలిపెడుతుందా?

"జింగ్! నొక్కేశానే! అన్నిట్నీ నొక్కేశానే!"

ఆవిడ చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. సంగతి విని నేల మీద కూలబడింది.

"మా అక్కావాళ్ళు సముద్రం ఒడ్డున ఉన్నారు కదా. ఇప్పుడే బయల్దేరదాం, లే!"

కుండ కోసం వాకిట్లోనే కూర్చున్న లూ ముఖం పాలిపోయింది. "అమ్మా తల్లీ, మీరు చల్లగా సముద్రానికి పోతే మా ఐదిళ్ళ కట్ట ఎక్కడికి పోవాలి? నా ముగ్గురు పిల్లల్ని చేపలగంపలో పెట్టుకుని గోడ కట్టడానికి పోనా?"

"ఎవడూ ఎక్కడికీ పోడు" అన్నాడు షు. "నేనే పోతాను కచేరీకి. కప్పు కింద జింకతోలు చెప్పులున్నాయి, తీసిపెట్టు. అటు చలెక్కువట."

ఆ మాటకు జింగ్ భోరున ఏడ్చేసింది.

కచేరీలో తనిఖీకి వచ్చినవాడు ఝాన్ అనే పడమటి మనిషి. నవ్వడు, అరవడు, ఎటు చూసినా పుస్తకంలోకి చూసినట్టే చూస్తాడు. అతను కంచు పాత్ర నిండా కొర్రలు పోసి, కర్రతో పైన సరిసమంగా గీశాడు. ఆ కొర్రల్ని షు చేసిన మట్టి పాత్రలోకి వంచాడు. షు కళ్ళు మూసుకున్నాడు. వెలితి పడుతుంది, పిడికెడు వెలితి. తమ్ముడి పక్కన మట్టి మోస్తాను కాబోలు అనుకున్నాడు.

"సరిపోయింది" అన్నాడు ఝాన్.

షు కళ్ళు తెరిచాడు. కొర్రలు అంచుకు సరిగ్గా తగిలి ఉన్నాయి. రెండో పాత్ర కూడా అంతే. మూడోదానిలో నాలుగు గింజలు ఎక్కువయ్యాయి, అంతవరకు తప్పు లేదని రాసుకున్నారు. అన్నీ అయ్యేసరికి షు ఒళ్ళంతా చెమటతో తడిసిపోయింది. ఇదెలా జరిగిందో అర్థంకాక ఖాళీ పాత్రలోకి తొంగి చూశాడు. లోపలి గోడ మీద చుట్టూరా పది ఉబ్బులు. జింగ్ సుత్తి దెబ్బలకు అక్షరాలున్న చోటల్లా గోడ లోపలికి వచ్చింది. బొటనవేలు ఇచ్చిందంతా చక్రవర్తి మాటలు వెనక్కి లాక్కున్నాయి. లెక్కకు లెక్క సరిపోయింది.

హమ్మయ్య అని ఇంకా పూర్తిగా అనుకోనే లేదు, ఝాన్ చెయ్యి పాత్ర అడుగున ఆగింది.

"ఈ గుంట ఏమిటి?"

షు పైప్రాణాలు మళ్ళీ పైనే పోయాయి. అబద్ధం ఆడదామంటే నోరు తిరగలేదు. "అది... మా అలవాటు దొరా. వేలితో నొక్కుతాం. తెలియకుండా నొక్కేశాను."

"కంచు పాత్రలో లేదే."

"లేదు దొరా."

ఝాన్ మరో పాత్ర తీసి తడిమాడు, ఇంకోటి తడిమాడు. అన్నిట్లోనూ ఉంది. చాలాసేపు ఆలోచించి, "కొలత సరిపోయింది కదా?" అన్నాడు తనలో తాను. "సరిపోయిన పాత్ర ఎలా ఉందో తక్కినవన్నీ అలాగే ఉండాలి, అదే నియమం." గుమాస్తావైపు తిరిగాడు. "రాసుకో. లిన్‌జి కుమ్మరి గువాన్ షు చేసే కొలపాత్రకు అడుగున బొటనవేలి నొక్కు ఉండవలెను. వచ్చే నెల ఇంకో రెండు వందలు కావాలి. ఏ ఒక్కదానిలో నొక్కు లేకపోయినా శిక్ష తప్పదు."

షు కచేరీ మెట్లు ఎలా దిగాడో అతనికే తెలియదు. వీధి మొదట్లోనే లూ, అతని వెనక జింగ్ చెప్పుల మూట పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఎప్పుడు తోలుకెళ్తారట?" అంది జింగ్, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో.

"ఎక్కడికీ లేదు. వదిలేశారు. నీ సుత్తి దెబ్బలకి గోడ లోపలికొచ్చి కొలత సరిపోయిందే! పైగా ఇకమీదట వేలు పెట్టి నొక్కకపోతే శిక్ష వేస్తారట."

లూ గంప కింద దించాడు. "అంటే... మీ తాతల అలవాటు ఇప్పుడు చక్రవర్తి ఆజ్ఞ అయిందా?"

"అయింది. రాసుకున్నారు కూడా."

లూ పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే గంపలోంచి పెద్ద చేప ఒకటి తీసి, ఊరికే, షు చేతిలో పెట్టాడు. అతను జన్మలో అలా ఇచ్చిన మనిషి కాదు. జింగ్ మాత్రం నవ్వలేదు. చెప్పుల మూటతో మొగుడి వీపు మీద ఒక్కటిచ్చుకుంది.

"పాత్రనా, పామునా అన్నావుగా? ఇంకోసారి గట్టిగా కొడుతున్నానని నన్ననిచూడు!"

"కొట్టవే తల్లీ" అన్నాడు షు, వీధిలో అందరూ చూస్తుండగానే కళ్ళు తుడుచుకుంటూ. "రెండు వందలూ అలాగే కొట్టు."