ఇంకో అర చుట్టు

1994 మార్చిలో, తూర్పు ఢిల్లీలో మయూర్ విహార్‌కు దగ్గరగా ఉన్న ఒక టీకాల గోదాముకు జూనియర్ ఇంజనీరుగా వెళ్లాను. కరెంటు పోతే అక్కడి ఫ్రిజ్‌లను నడపడానికి సింగిల్ సిలిండర్ జనరేటర్ ఒకటి ఉండేది. దాని బాధ్యత నాది. నా కింద ముగ్గురు మెకానిక్‌లు, షిఫ్టుకు ఒకరు. వాళ్లలో సీనియర్ ఓంప్రకాశ్. చేరిన వారంలోనే నేనొక ఆర్డరు వేశాను: ప్రతి షిఫ్టులోనూ ఇంజను బోల్టుల బిగువు చూసి రిజిస్టరులో సంతకం పెట్టాలి. కొత్త ఆఫీసరు ఏదో ఒక రిజిస్టరు తెరవకపోతే ఆఫీసరు వచ్చినట్టు ఎవరికి తెలుస్తుంది!

జూన్‌లో రెండు రోజులు కరెంటు సరిగా లేక, చల్లదనం నిలిపే ఫ్రిజ్ గోడల్లోని ఐసు కరిగిపోయింది. మూడో రోజు పొద్దున పదకొండింటికి మళ్లీ పోయింది. జనరేటర్ వేసిన పది నిమిషాలకే టప్‌మని చప్పుడై ఆగిపోయింది. సిలిండర్ హెడ్‌ను పట్టి ఉంచే నాలుగు బోల్టుల్లో ఒకటి విరిగింది. దాని తల ఊడి పడింది, మిగతా ముక్క అల్యూమినియం బ్లాకు లోపల ఉండిపోయింది.

ఇంకో జనరేటర్ కోసం ఫోన్ చేస్తే సాయంత్రం పంపుతామన్నారు. గోదాము ఇన్‌చార్జి డాక్టర్ రాజేశ్వరి గారిది గుంటూరు. ఫ్రిజ్ బయటి డయల్ చూసి వచ్చారు.

"రావు గారూ, అయిదు డిగ్రీలుంది. ఎనిమిది దాటిందంటే స్టాకు మొత్తం పారబోయించాల్సిందే. సోమవారం పిల్లల్నెత్తుకుని వచ్చే తల్లులకి మీరే చెబుదురుగాని. ఏదో అతుకేసి నెట్టుకొచ్చే జుగాడ్ మాత్రం వద్దు."

ఓంప్రకాశ్ మీద నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పొద్దున బోల్టులు బిగించింది అతనే. ఇవ్వబోయే మెమోలో వాక్యాలు కూడా మనసులో కూర్చుకున్నాను.

హెడ్ విప్పి, విరిగిన ముక్క చుట్టూ కిరోసిన్ పోశాం. ఓంప్రకాశ్ దానికి సరిగ్గా నడిమధ్య పంచ్‌తో గుంట కొట్టాడు. కరెంటు లేదు కాబట్టి చేత్తో తిప్పే డ్రిల్లే గతి. రంధ్రం పక్కకు పోతే బ్లాకులోని మర పాడవుతుంది. అందుకని అతను తిప్పుతుంటే నేను పక్కనుంచి వాలు చూస్తూ నిలబడ్డాను. రంధ్రం పడేసరికి డయల్ ఆరున్నర దాటింది.

తర్వాత ఆ రంధ్రంలో ఈజీ-అవుట్ దింపాడు. ఇది ఎడమ మర ఉన్న ఉక్కు పుల్ల. వెనక్కి తిప్పేకొద్దీ ముక్కను కరిచి పట్టి బయటికి లాగుతుంది. అది కిర్రుమంది కానీ కదల్లేదు. రాజేశ్వరి గారు లోపలి నుంచి "ఏడు" అన్నారు. గట్టిగా తిప్పమని అరిచాను. అతను చేయి తీసేశాడు.

"నహీఁ సాబ్. యే టూటా తో ఖేల్ ఖతమ్."

ఇది విరిగితే ఆట ముగిసినట్టేనన్న అతని మాట నిజమే. ఆ ఉక్కు లోపల విరిగితే దాన్ని కోసే డ్రిల్లు మా దగ్గర లేదు. నేను పక్కకు తప్పుకున్నాను. అతను పెట్రోలు ట్యాంకు దూరంగా పెట్టించి, మంట చిమ్మే బ్లోల్యాంపుతో బ్లాకును వేడి చేశాడు. వేడికి అల్యూమినియం ఇనుము కంటే ఎక్కువ వ్యాకోచించి పట్టు వదులుతుంది. కాస్త ముందుకు, కాస్త వెనక్కి, మళ్లీ ముందుకు తిప్పాడు. నాలుగోసారి ముక్క కదిలింది. కొత్త గాస్కెట్, కొత్త బోల్టు వేసి ఇంజను నడిపేసరికి డయల్ ఏడున్నర దగ్గరుంది. ముల్లు వెనక్కి మళ్లాకే రాజేశ్వరి గారు కుర్చీలో కూర్చున్నారు.

మెమో రాయడానికి కూర్చుని, విరిగిన బోల్టును చేతిలోకి తీసుకున్నాను. విరిగినచోట మెడ సాగి సన్నబడి ఉంది. ఒక్క రోజు బిగింపుకు అలా సాగదు. రిజిస్టరు తిరగేశాను. మూడు నెలలుగా రోజూ మూడు సంతకాలు, ప్రతి సంతకం పక్కనా "బిగించాను". ఓంప్రకాశ్‌ను పిలిచి, వదులు కాని బోల్టును ఎందుకు బిగించావని అడిగాను. సంతకం పెట్టాలంటే ఏదో ఒకటి చెయ్యాలి కదా సాబ్, అందుకే ఇంకో అర చుట్టు అనుకుంటూ తలా కాస్త లాగేవాళ్లమన్నాడు.

సిగ్గుపడ్డాను. పై అధికారికి పంపిన రిపోర్టులో కారణం అన్నచోట నా ఆర్డరు నంబరు రాశాను. మర్నాడు ప్రతి బోల్టు తల మీదుగా బ్లాకు దాకా ఎర్ర పెయింటుతో గీత గీయించాను. గీత చెదరకపోతే బోల్టు కదలనట్టే, స్పానర్ తియ్యకూడదు. "ముట్టుకోలేదు" అని రాసి సంతకం పెట్టాలి. నేను రిటైరయ్యేదాకా నా కింద నడిచిన ప్రతి రిజిస్టరులోనూ "ముట్టుకోలేదు" అన్న గడి ఒకటి ఉంది.