కుదించడానికి వీల్లేని పేరు

రామాంజినప్ప సమాధి రాళ్ళ మీద అక్షరాలు చెక్కుతాడు. కె.జి.ఎఫ్.లో బంగారు గనులు నడిచే రోజుల్లో, గనిలోకి దిగే షాఫ్టుల దగ్గర ‘అపాయం’ బోర్డులు రాసేవాడు. గనులు మూసేశాక బోర్డులు రాయించుకునేవాళ్ళు లేకుండా పోయారు. సమాధులు కట్టించుకునేవాళ్ళు మాత్రం ఉన్నారు గనక, రంగు డబ్బా పక్కన పెట్టి ఉలి పట్టాడు. మారికుప్పం దారిలో ఒక రేకుల షెడ్డు, దాని ముందు నాలుగు నల్లరాళ్ళు. అదే అతని కొట్టు.

తమిళం, కన్నడ, ఇంగ్లీషు ఏదైనా చెక్కుతాడు గానీ, సొంత భాష తెలుగంటేనే అతనికి భయం. గుడులు పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. ఒక్క వరసకి రెండు వరసల చోటు కావాలి. అక్షరం చిన్నది చేద్దామంటే ఒత్తు దగ్గర రాయి పెచ్చులూడుతుంది.

పోయిన వేసవిలో ఎస్తేరమ్మ వచ్చింది. తెలుగు చర్చికి వెళ్ళే మనిషి. భర్త దేవసహాయం గనిలో పనిచేసి రిటైరయ్యాడు, అప్పటికి కొద్ది రోజుల ముందే పోయాడు. బేతమంగళ నుంచి అల్లుడు తెచ్చి ఇచ్చిన రాయిని ఆటోలోంచి దింపించి, రాయవలసినదంతా నోటితో చెప్పింది. రాయి చూస్తే పీట కన్నా కొంచెం పెద్దది.

“రాయి చిన్నది, మాటలు ఎక్కువున్నాయమ్మా. వేరే రాయి చూద్దాము,” అన్నాడు రామాంజినప్ప.

“అల్లుడు ఆశపడి తెచ్చినాడప్పా. దీన్లోనే సర్దు.”

సర్దాడు. పేరు, తేదీలు, కింద ‘ప్ర.యే.క్రీ. నందు నిద్రించెను’, ఆ కింద భార్య, కూతురు, అల్లుడు, మనుమల పేర్లు. చెక్కేముందు చాక్‌పీసుతో గీసి చూపించడం అతని పద్ధతి. ఎస్తేరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని కూడబలుక్కుని చదివింది.

“ఇదేందప్పా, ప్రయేక్రీ?”

“మీ దేవుడి పేరేనమ్మా. ప్రభువైన యేసుక్రీస్తు.”

“మా దేవుడికి ప్రయేక్రీ అని పేరు పెట్టింది ఎవరు?”

“బస్సు మీద కె.జి.ఎఫ్. అని రాస్తారు కదమ్మా. యాడికి పోతుందో అందరికీ తెలుస్తుంది.”

“బస్సూ ప్రభువూ ఒకటేనా? ఆయన పేరు నోరారా పలకాల. నిండుగా రాయి.”

తుడిచేశాడు. మళ్ళీ గీశాడు. పూర్తి పేరు రాస్తే మనుమలు రాయి అంచు దాటి బయటికి పోయారు.

ఇక లాభం లేదని చర్చి అయ్యగారి దగ్గరికి వెళ్ళాడు. అయ్యగారు కుర్రవాడు, బాగా చదువుకున్నవాడు. నవ్వి, తనే షెడ్డుకి వచ్చి ఎస్తేరమ్మకి నచ్చజెప్పాడు.

“పాతకాలంలో బైబిలు చేత్తో రాసినవాళ్ళు కూడా ప్రభువు పేరు రెండు మూడు అక్షరాల్లోనే రాసినారమ్మా. పైన ఒక గీత పెట్టేవాళ్ళు. అది గౌరవం. క్రిస్మస్‌ని ఎక్స్‌మస్ అని రాస్తారే, ఆ ఎక్స్ కూడా గ్రీకులో క్రీస్తు పేరుకి మొదటి అక్షరమే. తప్పు లేదు.”

“ఆ గ్రీకోళ్ళకి లేదేమో అయ్యగారూ. మా వీధిలో ఎక్స్ అంటే తప్పుడు లెక్కకి టీచరు పెట్టే ఇంటూ గుర్తు. ఇంగ వాళ్ళు గౌరవంతో కుదించినారు. ఈయప్ప చోటు చాలక కుదించినాడు. రెండూ ఒకటేనా?”

“నేనూ గౌరవంతోనే కుదిస్తానమ్మా, పైన గీత కూడా పెడతాను,” అన్నాడు రామాంజినప్ప ప్రాణం విసిగి.

“తెలుగులో పైన గీత పెడితే కొట్టేసినట్టుంటాది!”

అయ్యగారికి మీటింగు గుర్తొచ్చింది. వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి భార్య తాయమ్మకి చెప్పుకున్నాడు, కనీసం ఆమైనా అయ్యో అంటుందని. ఆమె రామకోటి రాసుకుంటోంది. కలం ఆపకుండానే, “శ్రీరామ అని నిండుగా రాయకుండా శ్రీ.రా. అని రాస్తే ఇది రామకోటి అవుతుందా? ఆయమ్మ అడిగిందాంట్లో తప్పేముండాది?” అంది. అతను చెంబుడు నీళ్ళు తాగి పడుకున్నాడు.

మర్నాడు ఎస్తేరమ్మ కూతురు షీబాతో కలిసి వచ్చింది. ఈసారి ఉపాయంతోనే వచ్చింది.

“మా ఆయన పేరు పొట్టిగా రాయప్పా. దే.స. అంటే చాలు. ఆయనేమీ అనుకోడు.”

రామాంజినప్ప సంతోషంగా చాక్‌పీసు తీశాడు. షీబా చెయ్యి అడ్డం పెట్టింది.

“అమ్మా, దేవసహాయంలో ముందుండేది ఎవరు? దేవుడే కదా! ఆయన పేరు కుదించొద్దని నిన్నంతా కొట్లాడి, ఈపొద్దు నువ్వే కుదిస్తావా?”

రామాంజినప్ప చాక్‌పీసు నేలకేసి కొట్టాడు.

“మీ ఇంట్లో దేవుడు లేని పేరు ఒకటన్నా ఉండాదా తల్లీ? ఉంటే చెప్పండి, దాన్ని కోస్తాను!”

ఎస్తేరమ్మ రాయి పక్కన కూర్చుంది. తర్వాత కొంగు తీసి కింది వరస తనే తుడిచేసింది. ముందు తన పేరు, తర్వాత కూతురిది, అల్లుడిది, మనుమలవి.

“మేము బతికే ఉండాము కదప్పా. మా పేర్లు మమ్మల్ని అడిగితే చెప్తాము. రాయికెందుకు?”

ఆ మాటకి రామాంజినప్ప కోపం సగం దిగింది. దిగిన సగాన్ని ఆ సాయంత్రం అల్లుడు ఫోన్ చేసి మళ్ళీ ఎక్కించాడు. “రాయి తెచ్చింది నేను, నా పేరెందుకు లేదు?” అని అరిచాడు. “మీ అత్తని అడగప్పా,” అని ఫోన్ పెట్టేశాడు రామాంజినప్ప. అల్లుడు అత్తని అడగలేదు.

చెక్కడం మొదలుపెట్టాడు. ‘ప్రభువైన యేసుక్రీస్తునందు’ అన్న వరస దగ్గర చెయ్యి నెమ్మదించింది. ‘క్రీ’ బాగా వచ్చింది. ‘స్తు’లో ఒత్తు దగ్గర ఆవగింజంత పెచ్చు లేచింది.

రాయి నిలబెట్టే రోజున అయ్యగారు ప్రార్థన చేశాడు. అందరూ కళ్ళు తెరిచాక ఎస్తేరమ్మ వంగి, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, మెల్లగా పైకి చదివింది. ప్రభువైన. యేసు. క్రీ. ఆ తర్వాతి అక్షరం మీద వేలు ఆగింది.

“రామాంజినప్పా, ఈడ కొంచెం విరిగినట్టుండాది చూడప్పా.”

రామాంజినప్ప ఆమె వైపు చూడలేదు. సంచీలోంచి సన్న ఉలి తీసి, గొణుక్కుంటూ ఎండలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు.