గుర్రం చెవి దాకా

కోడలు అత్తగారిని పొగిడితే లోకం నమ్మదు. నమ్మితే నమ్మనీ, లేకపోతే లేదు.

మా అత్తగారు వాచీలు బాగుచేస్తారు. మెట్ల కింద ఇరుకు కొట్టు, ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్ళు నిలబడాల్సిందే. ముప్పై ఏళ్ళుగా భూతద్దం బిగించిన ఆ కుడికంటితోనే పాత నాణేలూ చూస్తారు. కూరలో ఉప్పు లేదని గమనించరుగానీ, నాణెం మీద వెంట్రుకంత తేడా వస్తే పట్టేస్తారు.

ఆమె దగ్గర గుర్రం బొమ్మ ఉన్న రాగి నాణెం ఒకటుంది. దాని అంచు నుంచి గుర్రం చెవి దాకా సన్నటి చార. అది నాణెం కొట్టే అచ్చులోనే పడిన పగులని పదకొండేళ్ళుగా చెబుతున్నారు, వినేవాళ్ళు లేరు. నాణేల సంఘం అచ్చు తేడాలన్నిటితో పుస్తకం వేస్తోందని, మర్నాడే ప్రెస్సుకి వెళ్తుందని తెలిసి ఇద్దరం సంఘం ఆఫీసుకి పరుగెత్తాం. ఇందులోకి ఎక్కకపోతే ఇక ఎక్కనట్టే.

సంఘం అధ్యక్షుడు రిటైరైన లెక్చరర్. నాణేన్ని ఓరగా చూసి, "గీత పడిందమ్మా. వాచీలు చూసుకునేవాళ్ళకి ఇవన్నీ ఎందుకు?" అన్నాడు. చుట్టూ ఉన్న సభ్యులు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"పదండత్తయ్యా, పోదాం."

ఆమె కదల్లేదు. "గీతైతే లోపలికి దిగుతుందండీ. ఇది పైకి లేచింది. అచ్చు బీటవారితే ఆ సందులోకి రాగి పోయి ఇలా ఉబ్బుతుంది."

"ఒక్క నాణెంతో ఏం తేలుతుంది?" అన్నాడాయన. అది మాత్రం నిజమే.

"గీతలు పడ్డాయని మీరు పక్కన పడేసినవి ఉంటాయి కదా, ఆ డబ్బా ఇలా ఇవ్వండి."

మూడు గంటలు వెతికారు. టీ చల్లారింది, నా నడుము పట్టేసింది. చివరికి మూడు నాణేలు వాటి కవర్లలోంచి తీసి తన నాణెం పక్కన వరసగా పేర్చారు. ఒకదాంట్లో పగులు అంచు దగ్గరే ఉంది. ఇంకోదాంట్లో సగం దూరం వచ్చింది. మూడోదాంట్లో చెవి దాటి కన్ను దాకా పాకింది.

"కొట్టినకొద్దీ అచ్చు ఇంకా పగిలింది. గీతలు నాలుగిటి మీదా ఒకేచోట పడతాయాండీ?"

ఇందాక నవ్విన సభ్యులు దగ్గరికి జరిగారు. ఆయన ఆమె భూతద్దం అడిగి తీసుకుని చాలాసేపు చూశాడు. మూడు కవర్ల మీదా తన చేత్తో రాసుకున్న 'గీత' కొట్టేసి 'పగులు' అని రాశాడు. తర్వాత ప్రెస్సుకి వెళ్ళాల్సిన కాగితాల కట్ట మొత్తం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఇవి కూడా ఒకసారి చూసిపెట్టండి మేడమ్."

ఆమె భూతద్దం తుడుచుకుని పనిలో పడ్డారు. నేను మాత్రం ఊరుకోలేదు. గదిలో అందరికీ వినబడేలా అన్నాను, "మా అత్తగారండీ!"