సూదిమర అరచుట్టు

ఆ రోజు సూదిమర బిగించింది నేనే. అన్న చెవిది తప్పేమీ లేదు. ఈ రెండు మాటలు చెప్పడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

యుద్ధకాలంలో మా అన్న మిలిటరీ విమానాలు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేశాడు. ఆ హోరుకు ఎడమ చెవి మందగించి ఉదయగిరికి తిరిగొచ్చాడు. మెట్ట బావుల మీదకు అప్పుడప్పుడే ఆయిల్ ఇంజన్లు వస్తున్నాయి. ఆత్మకూరులో వాటికి రిపేరు షాపు పెట్టాలని ఆయన ఆశ. కానీ ఇంజను గొంతు వినే కదా దాని బాగోగులు చెప్పాలి. సగం చెవితో ఆ పని చేయగలనా అని లోపల భయం.

ఆ భయం పోగొట్టుకోవడానికే బొమ్మ విమానం కట్టాడు. వెదురు బద్దలు, గాలిపటం కాగితం, ముక్కున తాను వర్క్‌షాపు నుంచి తెచ్చుకున్న నిమ్మకాయంత ఇంజను. కిరసనాయిలు, ఆముదం, ఆసుపత్రి కాంపౌండరును బతిమాలి తెచ్చిన ఈథరు మత్తుమందు కలిపి పోసేవాడు. ఆ నూనె ఎంత అందాలో ఒక సన్నని సూదిమర చూసుకునేది. బిగిస్తే నూనె తగ్గి ఇంజను కీచుమని అరుస్తుంది. వదులు చేస్తే గొంతు బొంగురుపోతుంది. అన్న పదిహేను రోజులు పెరట్లో దాంతోనే కూర్చున్నాడు. బాగా అరిచే చోటికి బిగించి, అక్కడి నుంచి అరచుట్టు వెనక్కి తిప్పేవాడు.

"కింద బొంగురుగానే ఉండాలరా. పైకి పోతే వేగం పెరిగి ఇంకా నూనె అడుగుతాది. ఈడనే అరిపించినామంటే ఆడ గొంతెండి ఆగిపోతాది" అనేవాడు.

ఎగరేసే రోజు కొండ కింద బీడులో జనం చేరారు. బావి ఇంజన్ల రైతులూ వచ్చారు. వాళ్లు చూడాలనే అన్న అందరినీ పిలిచాడు. ఇంజను స్టార్టయింది. జనం మీదికి తోసుకొస్తుంటే విమానాన్ని నా చేతికిచ్చి, వాళ్లను వెనక్కి జరపడానికి వెళ్లాడు.

"ఏందిరా, మీయన్న ఇమానం దగ్గతా ఉండాది! కషాయం పొయ్యండ్రా దానికి!" అన్నాడొకడు.

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. సూదిమర బిగించాను. ఇంజను కేక పెట్టింది. నవ్వులు ఆగాయి. ఆ క్షణాన నేనే మొనగాణ్ణి అనుకున్నాను.

అన్న పరుగున వచ్చి కుడి చెవి ఆనించి విన్నాడు. మళ్లీ లేచిన జనం గోలలో తేల్చుకోలేక నా మొహంలోకి చూశాడు.

"సరిగ్గా ఉండాదా రా?"

"ఉండాదన్నా. నువ్వు పెట్టినట్టే ఉండాది."

నమ్మి వదిలాడు. విమానం తాటిచెట్టంత ఎత్తు లేచింది. అక్కడ గొంతు తెగినట్టు ఆగి, బండ మీద పడింది.

"నా చెవి పనికిరాదురా" అన్నాడు అన్న, ముక్కలు ఏరుతూ. "పరాయోళ్ల ఇంజను మీద నేను చెయ్యెయ్యకూడదు."

నేనూ పక్కనే కాగితం ముక్కలు ఏరుతున్నాను.

నెల తిరక్కుండా పనిముట్లన్నీ కమ్మరికి ఇచ్చేసి, ఆత్మకూరులో ఒక టోకు వ్యాపారి కొట్లో చింతపండు తూకానికి కుదిరాడు.

ఎనిమిది నెలల తర్వాత వెళ్లి, కాటా పక్కన నిలబడి జరిగింది చెప్పేశాను. అన్న చాలాసేపు చేతిలోని చింతపండు కింద పెట్టలేదు.

"నేను అడిగినా కదరా నిన్ను" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

మరునాటి నుంచి ఆ రోజు వచ్చిన రైతుల ఇళ్లకు, బావులకు నడిచాను. తప్పు నాదని, అన్న చెవిది కాదని ఒక్కొక్కరికీ చెప్పాను. కొందరికి ఆ సంగతే గుర్తులేదు. కొండాపురం దారిలో ఒక పెద్దాయన మాత్రం, "అట్నా? అయితే మీయన్నను ఒకసారి రమ్మను నాయనా. నా ఇంజను మొరాయిస్తా ఉండాది" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆత్మకూరుకు పరుగెత్తాను.

"ఇంక చెయ్యి రాదురా" అన్నాడు అన్న, కాటా మీది నుంచి చూపు తిప్పకుండానే.

కమ్మరిని అడిగి పనిముట్లు వెనక్కి తెచ్చాను. తుప్పు రుద్ది, ఆముదం పూసి, గుడ్డలో మూటకట్టి ఆత్మకూరులో అన్న మంచం కింద పెట్టాను. ఆయన ఉన్నన్నాళ్లూ ఏడాదికి రెండుసార్లు వెళ్లి, విప్పి, మళ్లీ పూసి వచ్చాను. ముడి ఎప్పుడూ నేను వేసినట్టే ఉండేది.